లేని ఫైలుకు మూడున్నర లక్షలు: నెల్లూరు మెట్టలో ఒక చుక్కల భూమి కేసు

ఈ కేసు నా దగ్గరికి 2024 ఆగస్టులో వచ్చింది. నేను నెల్లూరు జిల్లాలో ఎక్కువగా రెవెన్యూ, సివిల్ కేసులు చూసే వకీలును. క్లయింట్ అనుమతితోనే రాస్తున్నాను. ఆయన పేరు, ఊరు, మండలం, సర్వే నంబరు రాయను. పైరవీకారుడి పేరు కూడా రాయను, ఎందుకంటే అతని మీద ఇంకా ఏ కోర్టూ తీర్పు ఇవ్వలేదు. మిగతాదంతా కాగితాల్లో ఉన్నది, నేను చూసినది.

పెద్దాయనకు అరవై దాటాయి. కలిగిరి వేలం కేంద్రంలో పొగాకు అమ్ముకునే మెట్ట రైతు. తాతల నాటి నుంచి సాగులో ఉన్న 3 ఎకరాల 40 సెంట్ల భూమిని కూతురికి పసుపు కుంకుమ కింద రాసివ్వాలని 2022 చివర్లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తే, కంప్యూటర్లో ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందని వెనక్కి పంపారు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ జాబితా అది. ఆ జాబితాకు ఎక్కితే గిఫ్ట్ డీడ్ కాదు, అమ్మకం కాదు, తనఖా కూడా కాదు.

ఎందుకు ఎక్కిందో ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. కారణం చాలా పాతది. బ్రిటిష్ వాళ్ల కాలంలో రీసెటిల్‌మెంట్ (భూముల శిస్తు మళ్లీ నిర్ణయించడం) చేసినప్పుడు ప్రతి సర్వే నంబరుకూ ఎదురుగా పట్టాదారు పేరో, ప్రభుత్వ భూమి అనో రాశారు. ఎవరిదో తేలని చోట ఆ గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ రిజిస్టరునే మనం ఆర్‌ఎస్‌ఆర్ అంటాం. చుక్కలు పెట్టిన చోట తరతరాలుగా జనం సాగు చేసుకుంటూ, శిస్తు కడుతూ, అమ్ముకుంటూ, కొనుక్కుంటూనే ఉన్నారు. తర్వాత వాటిని 22ఎలో పెట్టేసరికి ఒక్కసారిగా కాళ్లకు బంధం పడింది. దీన్ని విప్పడానికే 2017లో చుక్కల భూముల చట్టం వచ్చింది. పన్నెండేళ్లకు పైగా సాగులో ఉన్నట్టు రుజువు చూపితే కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ తేల్చాలి. దరఖాస్తులు కుప్పలు పడ్డాయి, పని నత్తనడక నడిచింది. పైరవీకారుడికి చోటు దొరికింది ఈ నత్తనడకలోనే.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గర అతను పరిచయమయ్యాడు. నలభై ఏళ్ల మనిషి, మర్యాదస్తుడు. "పెద్దాయనా, ఏంది అట్టా కూర్చున్నారు?" అని తనే పలకరించాడట. టీ ఇప్పించి, కాగితాలు ఓపిగ్గా చదివి, "ఇది చుక్కల భూమి. మండలంలో కాదు, పైన తేలాల" అన్నాడు. ఆ ఒక్క మాటతోనే పెద్దాయన అతన్ని నమ్మాడు. పదిసార్లు ఆఫీసుకు తిరిగినా ఎవరూ చెప్పని కారణాన్ని ఇతను పది నిమిషాల్లో చెప్పాడు. ఆ తర్వాత ఫోన్ తీసి నాయకులతో దిగిన ఫొటోలు చూపించాడు. ఒక పేషీలో తనకు మనిషి ఉన్నాడనీ, ఫైలు కదిలిస్తాననీ చెప్పాడు. ఖర్చు నాలుగున్నర లక్షలు, అడ్వాన్సు లక్షన్నర.

2023 సంక్రాంతి దాటాక ఇంటావిడ గాజులు కుదువ పెట్టి, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి లక్షన్నర నగదు ఇచ్చాడు. రసీదు లేదు. అదే ఏడాది మే నెలలో లక్షా నలభై వేలు ఇచ్చాడు, అది పొగాకు డబ్బు. దసరా ముందు అరవై వేలు ఫోన్‌పేలో పంపాడు, అదీ పైరవీకారుడి బావమరిది ఖాతాకు. మొత్తం మూడు లక్షల యాభై వేలు.

మేలో ఇచ్చిన డబ్బు కథే ఈ కేసుకు ఆయువుపట్టు.

2023 మే 12న కావలిలో సభ పెట్టి అప్పటి ముఖ్యమంత్రి చుక్కల భూములకు హక్కులు ఇస్తున్నట్టు ప్రకటించారు. రాష్ట్రమంతటా రెండు లక్షల ఎకరాల పైచిలుకు, దాదాపు 97 వేల కుటుంబాల భూములు దరఖాస్తులతో పని లేకుండా ఒక్క దెబ్బన 22ఎ నుంచి తీసేశారు. ఆ వారంలోనే పైరవీకారుడు పేపరు కటింగు పట్టుకుని పెద్దాయన ఇంటికొచ్చాడు. "చెప్పానా లేదా? మీ నంబరు లిస్టులో పెట్టించా. ఇంక మిగతాది ఇచ్చేయండి, పైవాళ్లకు మాట ఇచ్చి ఉండా" అన్నాడు. పెద్దాయన ఆ రోజు అతనికి భోజనం పెట్టి, కొత్త పంచెల చాపు చేతిలో పెట్టి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. ఈ ముక్క చెప్పేటప్పుడు ఆయన నా ముఖం చూడలేదు.

తర్వాత రిజిస్ట్రేషన్‌కు వెళ్తే సగం భూమికే అవుతుందన్నారు. సర్వే నంబరుకు రెండు సబ్‌డివిజన్లు ఉన్నాయి. ఉత్తర్వులో నంబరు మొత్తం ఉన్నా, కంప్యూటర్లో ఒక సబ్‌డివిజన్ నిషేధంలోనే మిగిలిపోయింది. గుమాస్తా స్థాయి పొరపాటు. దాన్ని సరిచేయించడానికే ఆ అరవై వేలు.

ఆపైన కారణాలు వరసగా వచ్చాయి. సార్ ఊళ్లో లేరు. జేసీ (జాయింట్ కలెక్టర్) మారాడు. 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, ఇక ఫైళ్లు కదలవు. జూన్‌లో ప్రభుత్వం మారింది, పాత మనిషి పోయాడు, కొత్త పేషీలో ఇంకొకరిని పట్టుకోవాలి, దానికి మళ్లీ కొంత కావాలి. కోడ్ రావడం, అధికారులు మారడం, ప్రభుత్వం మారడం అన్నీ నిజంగా జరిగినవే. ప్రతి వాయిదానూ ఒక నిజమైన సంఘటనకు కట్టేస్తే వినేవాడికి అనుమానం రాదు. పెద్దాయన అల్లుడు కోప్పడి బలవంతం చేస్తే గానీ ఆయన వకీలు గడప ఎక్కలేదు.

నేను మొదట చేసిన తప్పు

కాగితాలు చూసిన రోజు సాయంత్రమే నేను ఫోన్ తీసి కలెక్టరేట్‌లో తెలిసినాయనకు చేశాను, "ఈ ఫైలు ఎక్కడుందో కాస్త చూసి చెప్పు బాబాయ్" అని. ఆయన రెండు రోజులు చూసి, "ఆ పేరుతో ఫైలేమీ కనపడలేదురా" అన్నాడు. ఆ మాట చెవిన పడ్డాక నాకు రెండు విషయాలు తోచాయి. మొదటిది, అసలు ఫైలే లేదేమో. రెండోది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. కాగితం మీద అడగాల్సిన దాన్ని నేనూ పరిచయం మీదే అడిగాను. డబ్బు చేతులు మారకపోవచ్చు. కానీ పెద్దాయన నా ముందు కూర్చుని ఆ ఫోన్ మాటలు విన్నాడు. "మీకూ లోపల మనిషి ఉండాడు గదా సార్" అన్నాడు తేలికపడ్డ గొంతుతో. నేను అతనికి నేర్పింది ఏమిటి? అప్పటి నుంచి ఈ కేసులో ఎవరికీ ఫోన్ చేయకూడదని పెట్టుకున్నాను. పైగా నోటిమాటగా తెలిసిన సమాచారం రేపు ఏ అధికారి ముందూ నిలబడదు.

ఐదు రూపాయల స్టాంపు

మండల స్థాయి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు రుసుము మన రాష్ట్రంలో ఐదు రూపాయలు. జిల్లా స్థాయికి పది. గ్రామ స్థాయిలో అసలు లేదు. నాలుగే ప్రశ్నలు అడిగాం. ఈ రైతు పేరుతో చుక్కల భూమి విషయమై వ్యక్తిగత దరఖాస్తు గానీ, ఫైలు గానీ ఉందా? ఆ గ్రామంలో 22ఎ నుంచి తొలగించాల్సిన సర్వే నంబర్ల జాబితా పైకి ఏ తేదీన వెళ్లింది, దాని నకలు ఇవ్వండి. ఆ జాబితా తాలూకు నోట్ ఫైలు నకలు ఇవ్వండి. రెండు సబ్‌డివిజన్ల ప్రస్తుత స్థితి ఏమిటి?

ప్రశ్న ఎలా అడుగుతామన్న దాని మీదే జవాబు ఆధారపడుతుంది. "నా పని ఎందుకు కాలేదు" అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. రికార్డులో ఉన్నదాన్నే, రికార్డు పేరు పెట్టి అడగాలి. నోట్ ఫైలు అడగడం చాలామంది మరిచిపోతారు. ఏ అధికారి ఏ తేదీన ఏం రాసి సంతకం పెట్టాడో ఉండేది అందులోనే.

ముప్పై రోజులు దాటినా జవాబు రాలేదు. మొదటి అప్పీలు వేశాం. నలభై ఏడో రోజున వచ్చింది.

ఆ పేరుతో ఫైలు లేదు. ఎన్నడూ లేదు. గ్రామం మొత్తానికి కలిపి వందలాది నంబర్లతో ఒకే జాబితా తయారైంది, అందులో పెద్దాయన నంబరు వరుస క్రమంలో తన చోట తాను ఉంది. ఆ జాబితా తహసీల్దార్ సంతకంతో ఆర్డీవో ఆఫీసుకు వెళ్లిన తేదీ, పెద్దాయన గాజులు కుదువ పెట్టిన తేదీ కంటే ముందుది.

నేను ఆ రెండు తేదీలనూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి ఆయనకు చూపించాను. చాలాసేపు చూశాడు. "అంటే ఆయప్ప ఎవురితోనూ మాట్లాడలేదా సార్?" అన్నాడు. మాట్లాడాడో లేదో నాకు తెలియదు గానీ, మాట్లాడాల్సిన పనే లేదు పెద్దాయనా అన్నాను.

ఆ ఊళ్లో మిగతావాళ్లు

సాక్ష్యం కోసం నేను, అల్లుడు కలిసి రెండు ఆదివారాలు ఆ ఊరు తిరిగాం. అదే మనిషికి అదే పని మీద డబ్బిచ్చినవాళ్లు, పెద్దాయనతో కలిపి, ఏడుగురు తేలారు. ఐదుగురి భూములు 2023లోనే నిషేధం నుంచి బయటపడ్డాయి. ఇద్దరివి చిక్కుకున్నాయి. ఆ రెండో ఆయన బంధువులు గట్టివాళ్లు, ఇంటి మీదికి వెళ్లి గొడవ చేస్తే పైరవీకారుడు నోరెత్తకుండా డబ్బు తిరిగిచ్చాడు.

ఆ ఐదుగురిలో ఒక్కరూ స్టేట్‌మెంట్ ఇవ్వలేదు. భయంతో కాదు, కృతజ్ఞతతో. "పని చేసిపెట్టిన మనిషి మీద కేసేంది సార్? మా తాత వల్ల కాలా, మా నాయన వల్ల కాలా, ఆయప్ప చేశాడు" అన్నాడు ఒకాయన, కోపంగానే. సమాచార హక్కు జవాబు చూపించాను. అతనికి పైసా ఇవ్వని పొరుగువాడి నంబరు కూడా అదే జాబితాలో ఉందని వేలు పెట్టి చూపించాను. కాసేపు ఆలోచించి, "వాడిది కూడా ఈయనే చేయించి ఉంటాడు, మంచోడు గదా" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా ఈ వృత్తిలో ఉన్నా, పైరవీ ఎలా బతుకుతుందో నాకు ఆ గుమ్మంలోనే పూర్తిగా అర్థమైంది. దానంతటది జరగబోయే పనిని కనిపెట్టడమే వాళ్ల ప్రావీణ్యం. ఏ జాబితా ఎక్కడ తయారవుతోంది, ఏ ఉత్తర్వు రాబోతోంది అన్నది ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లకు ముందే తెలుస్తుంది, పొలంలో ఉండే రైతుకు తెలియదు. ఆ తెలియనితనానికే వెల కడతారు. పది మంది దగ్గర తీసుకుంటే ఆరేడుగురి పని ప్రభుత్వమే చేసేస్తుంది. వాళ్లు జీవితాంతం అతని గురించి నలుగురికి చెబుతారు. కాని పనులకు వాయిదాలు. గొడవ చేసినవాడికి, ఇంకొకరి డబ్బులోంచి వాపసు. నష్టపోయేది అడగడానికి మొహమాటపడేవాడు ఒక్కడే. పెద్దాయన అలాంటివాడు.

ఇక్కడ ఒక సంగతి విడమరచి చెప్పాలి. ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళ్లి అర్జీ ఇచ్చి, ఆయన చేత కలెక్టర్‌కు లేఖ రాయించుకోవడం తప్పేమీ కాదు. ప్రజాప్రతినిధి పనిలో అదొక భాగం, దానికి రూపాయి ఖర్చు ఉండకూడదు. ఆ లేఖకు, ఆ పరిచయానికి మధ్యలో ఎవరైనా ధర పెడితే అక్కడ నేరం మొదలవుతుంది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించి 7ఎ సెక్షన్ చేర్చింది దీని కోసమే. ప్రభుత్వోద్యోగిని అక్రమ మార్గంలో గానీ, తన పలుకుబడితో గానీ ప్రభావితం చేసి, విధిని సక్రమంగా కాకుండా చేయిస్తానని ప్రతిఫలం తీసుకుంటే మూడు నుంచి ఏడేళ్ల జైలు.

ఏ దారిన వెళ్లాలి

ముందు భూమి. అది తేలిక. సమాచార హక్కు జవాబు, ఉత్తర్వు నకలు, ఆర్‌ఎస్‌ఆర్ నకలు, ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), పెద్దాయన ట్రంకు పెట్టెలో అడుగున దొరికిన పాత శిస్తు రసీదులు జతచేసి నెల్లూరు కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇచ్చాం. అర్జీలో ఒక్కటే అడిగాం: ఉత్తర్వులో నంబరు మొత్తం ఉంది, కంప్యూటర్లో ఒక సబ్‌డివిజన్ మిగిలిపోయింది, సరిచేయండి. రసీదు నంబరు జాగ్రత్త చేసుకున్నాం. ఒకసారి మండలం నుంచి "పరిష్కరించబడింది" అని ఉత్తుత్తి ఎండార్స్‌మెంట్ వచ్చింది. మళ్లీ అర్జీ ఇచ్చి తిరగదోడించాం. రెండున్నర నెలల్లో నిషేధం పోయింది. స్టాంపులు, జిరాక్సులు, బస్సు చార్జీలు అన్నీ కలిపి పెద్దాయనకు అయింది పన్నెండు వందల లోపు. నా ఫీజు వేరు. దాన్ని కలిపినా ఆ దసరా అరవై వేలలో ఆరో వంతు కాదు.

డబ్బు సంగతే కష్టం. సివిల్ దావా వేద్దామా అంటే, కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ఎదురొస్తుంది. 1872 నాటి ఆ చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: ప్రభుత్వ ఉద్యోగం ఇప్పిస్తానని ఒకడు, వెయ్యి రూపాయలిస్తానని ఇంకొకడు ఒప్పుకుంటే ఆ ఒప్పందం చెల్లదు. చెల్లని ఒప్పందం మీద, తెలిసే అందులో దిగినవాడికి కోర్టు సాధారణంగా చేయి అందించదు. ఇద్దరి తప్పూ సమానం కాదని, ఒకడు మోసగాడు, ఇంకొకడు మోసపోయినవాడని చూపగలిగితే దారి ఉంది. సుప్రీంకోర్టు ఎప్పుడో ఆ మినహాయింపు గుర్తించింది. వాదించవచ్చు గానీ ఏళ్లు పడుతుంది.

ఏసీబీకి వెళ్దామా? 7ఎ పైరవీకారుడికి వర్తిస్తుంది, నిజమే. కానీ అదే చట్టం 8వ సెక్షన్ ఇచ్చినవాడినీ పట్టుకుంటుంది. బలవంతం మీద ఇచ్చి ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తేనే రక్షణ. పెద్దాయన వచ్చేసరికి ఏడాదిన్నర దాటింది. న్యాయంగా తనకు రావాల్సిన దాని కోసమే ఇచ్చాడు, ఎవరి చేతా తప్పు పని చేయించమనలేదు కదా అని నేను వాదించగలను. అరవై దాటిన మనిషిని ఆ వాదన మీద నిలబెట్టే ధైర్యం మాత్రం నాకు లేదు. డబ్బు అడిగిన రోజే వచ్చి ఉంటే నేను తప్పకుండా ఏసీబీ దగ్గరికే తీసుకెళ్లేవాడిని. ఇవ్వకముందు వచ్చినవాడికి ఉన్నన్ని దారులు ఇచ్చాక వచ్చినవాడికి ఉండవు.

మోసం కింద వెళ్లాలని నిర్ణయించాం. సంఘటన 2023ది కాబట్టి పాత శిక్షాస్మృతి 420, ఫిర్యాదు ఇస్తున్నది 2024 జులై 1 తర్వాత కాబట్టి పద్ధతి కొత్త చట్టం ప్రకారం. ఫిర్యాదులో ఒక్క అబద్ధమూ రాయలేదు. లేని ఫైలు ఉన్నట్టు నమ్మించాడు, జాబితా వెళ్లిపోయాక చేయిస్తానన్నాడు, ఇవిగో తేదీలు. అంతే. ఆధారాలుగా ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్‌లో మూడు వాయిస్ మెసేజ్‌లు. వీటికి సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. మనవడు కొత్త ఫోన్ కొనిపెడతానని పాతది అమ్మేయబోతుంటే ఆపగలిగాం. ఇలాంటి కేసుల్లో మొదట చెప్పాల్సిన మాట అదే: ఫోన్ మార్చకండి, ఏమీ తుడిచేయకండి.

స్టేషన్‌లో "ఇది సివిల్ మేటర్" అన్నారు. నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనబడితే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని 2013 లలితా కుమారి తీర్పు చెబుతున్నా ఆ మాట మనకు అలవాటే. అల్లుడి తరఫు బంధువు ఒకాయన, అధికార పార్టీలో ఫలానా నాయకుడి చేత ఎస్సైకి ఫోన్ చేయిస్తానన్నాడు. రెండు నిమిషాల పని అన్నాడు. పెద్దాయనే వద్దన్నాడు. "మళ్లా ఇంకోడికి రుణపడాల్నా?" అన్నాడు. నేను చెప్పాల్సిన మాట ఆయన నోట వచ్చినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ కొత్త పద్ధతి చట్టం 173(4) సెక్షన్ కింద జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపాం.

మూడు వారాల తర్వాత పైరవీకారుడిని పిలిపించారు. వాయిస్ మెసేజ్‌లు వినిపించేసరికి అతను పెద్దమనుషులను వెంటేసుకుని రాజీకి దిగాడు. బ్యాంకు ద్వారా తప్ప వద్దని పట్టుబట్టాను. రెండు విడతల్లో 2 లక్షల 10 వేలు వెనక్కి వచ్చాయి. ఎఫ్‌ఐఆర్ కట్టలేదు. మిగిలిన లక్షా నలభై వేలు, పొగాకు డబ్బు, రాలేదు. ఆ మొత్తానికి నగదు తప్ప ఆధారం లేదు, భోజనం పెట్టి ఇచ్చిన రోజు చూసినవాళ్లు ఇంట్లోవాళ్లే.

మేజిస్ట్రేట్ ముందు ప్రైవేటు ఫిర్యాదు వేద్దామన్నాను. రాజీతో ఆపడం నాకు ఇష్టం లేదు. అతను ఇప్పటికీ అదే టీ బంకు దగ్గరే కూర్చుంటున్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. పంట మీద ఉన్నానన్నాడు, గాజులు విడిపించుకున్నాం చాలన్నాడు. గిఫ్ట్ డీడ్ రిజిస్టరైన రోజు కూతురు వచ్చి వేలిముద్ర వేసి వెళ్లింది. నేను బయట నిలబడి ఆ బంకు వైపే చూస్తూ ఉండిపోయాను.

420కి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది గనక కాలపరిమితి అడ్డం రాదు. ఫిర్యాదు చిత్తుప్రతి, పాత ఫోన్, రెండు తేదీలు పక్కపక్కన రాసిన ఆ కాగితం నా బీరువాలోనే ఉన్నాయి. క్రితం నెలలో పెద్దాయన ఇంకొకాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. స్టేట్‌మెంట్ ఇవ్వనని నా మీద కోప్పడ్డ మనిషే. ఆయన తమ్ముడి దగ్గర ఎవరో అసైన్డ్ భూమి పని మీద అడ్వాన్సు అడిగారట, ఇంకా ఇవ్వలేదట. ఐదు రూపాయల స్టాంపు ఎక్కడ దొరుకుతుందో అడిగాడు.